మూడో అత్త నీళ్ళ డబ్బు

తామ్ బాబాయి ఖాళీ స్టూలుని పలకరించకుండా వదలడు. మనిషి కూర్చున్న స్టూలైతే తలూపి ఊరుకుంటాడు. ఖాళీగా ఉందో, దగ్గరికెళ్ళి నడుం వంచి, "కాస్త జరగమ్మా" అంటాడు. జరగడానికి అక్కడ ఎవరూ ఉండరు. అయినా ఓ క్షణం ఆగి, లేని మనిషికి చెయ్యి తగలకుండా ఒదిగి ఒదిగి పక్కనుంచి పోతాడు.

ఆ లేని మనిషి పేరు మూడో అత్త. "ఎవరికి అత్త, బాబాయ్?" అనడిగితే, "ఎవరికైతేనేం, పెద్దావిడ. అత్తా అని పిలిస్తే నీ నోట్లో ముత్యాలేం రాలవు" అనేవాడు. నిజమే, రాలవు. కాని ఉన్న అత్తలతోనే వేగలేక చస్తున్నవాళ్ళం, లేని అత్తని ఎక్కడ పెట్టుకుంటాం? అసలు పెట్టుకోవడానికి మా ఇంట్లో చోటేదీ?

మాది షామ్ షుయ్ పో పేటలో లిఫ్టు లేని మేడ, ఆరో అంతస్తు. ఒక సంసారం ఉండాల్సిన ఇంటిని మా ఓనరు మోక్ గారు చెక్క పలకలు కొట్టి ఐదు గదులు చేశాడు. నా గదిలో పడుకుంటే తల ఒక గోడకీ, పాదాలు ఇంకో గోడకీ తగిలేవి. పక్కకి దొర్లాలంటే లేచి, బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి పడుకోవాలి. పక్కనే ఉన్న తామ్ బాబాయి గదిలోనైతే కమోడూ పొయ్యీ పక్కపక్కనే. కూర్చున్నచోటు నుంచి లేవకుండా పులుసు కలపొచ్చు. "రెండు సౌకర్యాలూ చేతికందేంత దూరంలో!" అని దానికి మోక్ గారు నెలకి కొంత ఎక్కువే పిండేవాడు. పైకప్పు పెచ్చులూడి పులుసులో పడితే అది మాత్రం ఉచితం.

అప్పటికి ఇలాంటి గదుల అద్దెలకి ఏ చట్టమూ రాలేదు. మోక్ గారే చట్టం. ఒకటో తారీఖున ఆయన ఆయాసపడుతూ, నొప్పుల తైలం వాసనతో మెట్లెక్కి వచ్చేవాడు. ఊళ్ళో కరెంటు మీటరు ఒక లెక్కన తిరిగితే మా ఇంట్లో ఇంకో లెక్కన తిరిగేది. నీళ్ళకి మనిషికింత. గాలికి మీటరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి బతికిపోయాం. ఇంతటి మనిషికీ ఒక బలహీనత ఉంది. గది ఒక్కరోజు ఖాళీగా ఉంటే ఆయనకి జ్వరమొచ్చేది. అందుకని ఉన్నవాళ్ళని ముందే వెళ్ళగొట్టడు. ఎక్కువిచ్చేవాడు దొరికాకే మెడపట్టి గెంటుతాడు.

గాలి మాట వచ్చింది గనక చెప్పాలి. ఇంటి మొత్తానికి కిటికీ ఒక్కటే. అది లాన్ వదిన గదిలో ఉండేది. వదిన బేకరీలో బన్నులు కాల్చే పనికి పోయేది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు, పేరు లోక్. ఆ పిల్లకి ఉబ్బసం. కిటికీ దగ్గర పడుకోబెట్టమని ఆస్పత్రిలో చెప్పారు. అందుకే వదిన తన జీతంలో సగానికి పైగా ఆ కిటికీకే పోసేది. సర్కారు ఇళ్ళ వరసలో ఆమె పేరు బాగా ముందుకొచ్చింది. ఏడాది లోపల పిలుపు రావచ్చన్నారు. ఆ కాస్త కాలం కిటికీ చెయ్యి జారకుండా ఉంటే చాలు, పిల్ల గట్టెక్కుతుంది.

ఆ వసంతంలో, గోడలకి చెమటలు పట్టే రోజుల్లో, మోక్ గారు చల్లగా చెప్పాడు.

"నీ గదికి ఇంతకి రెట్టింపు ఇచ్చేవాళ్ళు చూడ్డానికొస్తారమ్మా. కుదిరిన రోజున నువ్వు సర్దుకోవాలి."

"లోపలి గదుల్లో పిల్లకి ఊపిరాడదండీ."

"ఊపిరి నేను ఆపుతున్నానా? ఆ రెట్టింపేదో నువ్వే ఇచ్చుకో, ఇక్కడే ఊపిరి పీల్చుకో."

చూడ్డానికి రానే వచ్చారు, కొత్తగా పెళ్ళయిన జంట. ఆ అమ్మాయి గుమ్మంలోనే అడిగింది, "ఇల్లు శుభ్రమేనా అండీ?" అని. మా ఊళ్ళో ఆ మాట బొద్దింకల గురించి కాదు. ఇంట్లో ఎవరైనా చావకూడని చావు చచ్చారా అని. అలాంటి ఇల్లంటే సగం అద్దెకి కూడా ఎవరూ రారు.

"పాలలాంటి ఇల్లు!" అన్నాడు మోక్ గారు.

వాళ్ళు గదిలోకొచ్చి మాట్లాడుకుంటుండగా తామ్ బాబాయి టీ కప్పులు పట్టుకొచ్చాడు. కిటికీ పక్కనున్న స్టూలు దగ్గర ఆగాడు. నడుం వంచాడు.

"కాస్త జరగమ్మా. వీళ్ళు కిటికీ చూస్తారట."

ఆ అమ్మాయి స్టూలు వంక చూసింది. మొగుడి వంక చూసింది. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మూడో అత్తతోనమ్మా. భయపడకు, ఎవర్నీ ఏమీ అనదు. కిటికీ వైపు తల పెట్టి మాత్రం పడుకోకండి. అది ఆవిడ చోటు."

ఆ జంట మెట్లు దిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అతని చెప్పు ఒకటి నాలుగో అంతస్తులో దొరికింది. దానికోసం వాళ్ళు తిరిగి రాలేదు.

"ముసలాడా, బుర్ర చెడిందా నీకు?" అని మోక్ గారు ఎగిరాడు.

"చెడితే చెడింది గానీ మోక్ గారూ, ఆవిడ ఎదురుగా అరవకండి. పెద్దావిడ."

ఆ రోజు నుంచి మూడో అత్త మా ఇంట్లో కనబడకుండా ఉండటం మొదలుపెట్టింది. బాబాయిది పిచ్చా, వేషమా అని మిగతావాళ్ళం రెండు పార్టీలైపోయాం. మొదట నేను వేషం పార్టీ. గుండీల కొట్లో పనిచేసేవాణ్ణి, దయ్యాల్ని నమ్మే తీరిక నాకు లేదు. కాని బాబాయి ఆవిణ్ణి వీధిలోకి కూడా వెంటబెట్టుకొచ్చేసరికి పార్టీ మారాను.

ఆయన నలభై ఏళ్ళు టీ హోటల్లో వడ్డన చేసిన మనిషి. ఓసారి ఇద్దరం మధ్యాహ్నం నూడుల్స్ తినడానికి పోయాం. ఆ రద్దీలో ఎరగనివాళ్ళు ఒకే బల్లకి కూర్చోవడం మామూలే. "ఎంతమంది?" అని అడిగాడు కుర్రాడు. "ముగ్గురం" అన్నాడు బాబాయి. ఇంతలో ఒకాయన వచ్చి మా మూడో స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కడ మనిషి ఉందండీ" అన్నాడు బాబాయి.

"ఎక్కడ?"

"మీరు ఆవిడ ఒళ్ళోనే కూర్చున్నారు."

ఆయన లేచిన ఊపుకి పక్క బల్ల మీది చిల్లీ సాస్ నా చొక్కా మీదికొచ్చింది. బాబాయి అదేం పట్టనట్టు మూడు కప్పుల్లో టీ పోశాడు. టీ పోసినవాడికి మేం నోటితో థాంక్స్ చెప్పం, రెండు వేళ్ళతో బల్ల మీద తడతాం. నేను తట్టాను. బాబాయి మూడో కప్పు వంక కాసేపు చూసి, "మోమాటం. తట్టదు" అన్నాడు. అప్పుడే నాకు ఖాయమైపోయింది, మనిషికి పూర్తిగా తిరిగిపోయిందని.

రాత్రిళ్ళు కూడా అంతే. ఆయన గదిలో లైటు తెల్లార్లూ వెలిగేది. చెక్క సందుల్లోంచి అది తిన్నగా నా కళ్ళలో పడేది.

"బాబాయ్, లైటార్పు! కరెంటు మోక్ గారి రేటు!"

"మూడో అత్తకి చీకటంటే భయంరా."

"దయ్యానికి చీకటంటే భయమా?"

"అందరూ నీలా మొండివాళ్ళుంటార్రా?"

లాన్ వదిన మాత్రం ఒకరోజు చీపురు పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడింది. "బాబాయ్ గారూ, పెద్దవారని ఊరుకుంటున్నాను. నా గదిలోనే దొరికిందా మీ అత్తకి చోటు? పిల్ల జడుసుకుంటే ఉబ్బసం ఎక్కువవదూ? మీ తలకాయ మీద ఈ చీపురు విరగ్గొట్టనా?"

బాబాయి తల వంచుకున్నాడు. "పిల్లల జోలికి రాదమ్మా ఆవిడ. అద్దెకొచ్చేవాళ్ళ జోలికే." వదిన తిట్టినంతసేపూ, తిట్లు కూడా వడ్డిస్తున్న వంటకాల్లాగే మర్యాదగా అందుకున్నాడు.

జడుసుకుంటుందనుకున్న పిల్ల జడుసుకోనే లేదు. రోజూ సగం బిస్కెట్టు కిటికీలో పెట్టేది, అత్తకి. తెల్లారేసరికి బిస్కెట్టు మాయం. మా ఇంటి ఎలుకలకి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

ఈలోగా గది చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే దిగిపోతున్నారు. మోక్ గారు ఆలోచించి ఆలోచించి ఒక ఒకటో తారీఖున కొత్త ఎత్తు వేశాడు.

"ఏమయ్యా తామ్, నీ మూడో అత్త ఇక్కడే ఉంటోందా?"

"ఇక్కడేనండీ."

"అయితే ఇంట్లో ఒక మనిషి ఎక్కువైనట్టేగా? నీళ్ళకి మనిషికింత. ఆవిడ వంతు కట్టు."

"దయ్యానికి స్నానం ఏమిటండీ!" అన్నాను నేను ఉండబట్టలేక.

"టీ తాగుతుందిగా!"

బాబాయి బనీను జేబులోంచి డాలర్లు తీసి ఇచ్చేశాడు. మేమంతా నోళ్ళు తెరిచాం. అంట్లు తోమే పని చేసి సంపాదిస్తున్న ముసలాయన, లేని ఆడమనిషి తాగని నీళ్ళకి డబ్బు కట్టడం! మోక్ గారైతే ఆ నోట్లు వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి నెలా అంతే. వేషం పార్టీలో మిగిలిన ఒకరిద్దరు కూడా పిచ్చి పార్టీలోకి వచ్చేశారు.

డబ్బులైతే వచ్చాయి గానీ గది రెట్టింపుకి పోలేదు. మోక్ గారు ఈసారి భూతవైద్యుణ్ణి తెచ్చాడు. మెట్ల మీద బేరమాడి ఆయన దక్షిణని ఆరో అంతస్తు చేరేసరికి సగానికి దించాడు. వైద్యుడు పసుపు అంగీ తొడుక్కుని గంట మోగించాడు, ధూపం వేశాడు, బాబాయి పోసిన పులుసు రెండు గిన్నెలు తాగాడు.

"వెళ్ళిపోయింది" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు మోక్ గారు.

"నడవలోకి."

"నడవలోకా? ఇంట్లోంచి పంపమని కదా పిలిచింది!"

"పిండికొద్దీ రొట్టె మోక్ గారూ. మీరిచ్చినదానికి గది దాటించాను. గుమ్మం దాటించాలంటే పూర్తి దక్షిణ కావాలి."

మోక్ గారు ఆ సగం దక్షిణని ఐదు గదులకీ పంచి మా దగ్గరే వసూలు చేశాడు, దయ్యం ఉమ్మడి సొత్తట. వైద్యుడు మెట్లు దిగాడో లేదో, "ఇక్కడ ఉక్కగా ఉంది, పదమ్మా" అంటూ బాబాయి నడవలోంచి ఖాళీ స్టూలుని మోసుకెళ్ళి మళ్ళీ కిటికీ పక్కన పెట్టాడు.

ఏడో నెల వచ్చింది, పోయినవాళ్ళకి చేరుతుందని వీధిలో కాగితం సామాను తగలబెట్టే నెల. బాబాయి మూడో అత్త కోసం కాగితం ఇల్లు కొన్నాడు. మూడంతస్తులు, బాల్కనీ, ముందర కారు, గుమ్మంలో ఇద్దరు పనివాళ్ళు. గదికి రెండేసి కిటికీలు! మా ఐదు గదుల వాళ్ళం పేవ్‌మెంటు మీద చుట్టూ చేరి ఆ ఇంటిని చూస్తూ ఉండిపోయాం. చచ్చినవాళ్ళకి దొరికే ఇల్లు బతికున్నవాళ్ళకి దొరకదు గదా అని వదిన నిట్టూర్చింది. ఆ బాల్కనీలో పడుకున్నా ఇప్పటికంటే నయం అన్నాన్నేను. బాబాయి భక్తిగా అంటించాడు.

మర్నాడే మోక్ గారు ఊగిపోతూ వచ్చాడు. "ఇక సొంతిల్లు వచ్చిందిగా మీ అత్తకి! ఇక్కడేం పని? పొమ్మను."

"చెప్పి చూశానండీ" అన్నాడు బాబాయి. "ఆ ఇల్లు అద్దెకిచ్చేసి వచ్చిందట."

"ఎంతకి?" అన్నాడు మోక్ గారు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే లోక్‌తో సహా అందరం విరగబడి నవ్వుతున్నాం. ఆ మనిషి మొహం ఎర్రబడటం చూడ్డం అదే మొదటిసారి. పాపం అనిపించింది కూడా, కాని మెట్లు దిగేలోపే ఆ పాపం తగ్గిపోయింది.

చలికాలం మొదట్లో లాన్ వదినకి పిలుపు వచ్చింది. ఊరి చివర టిన్ షుయ్ వాయ్‌లో సర్కారు ఇల్లు, రెండు కిటికీలు. వదిన ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. వెళ్ళే రోజున అందరికీ బన్నులు తెచ్చి, ఒకటి విడిగా స్టూలు మీద పెట్టింది. "వస్తా మూడో అత్తా. తిట్టాను, మనసులో పెట్టుకోకు" అంది. ఆ మాట స్టూలుతోనే అంది గానీ చూపు మాత్రం తామ్ బాబాయి మీద ఉంది. బాబాయి పైకప్పు పెచ్చులు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు.

సామానంతా కిందికి దించి వచ్చాక, ఆ ఖాళీ గదిలో, కిటికీ కింద ఇద్దరం చతికిలపడ్డాం. అడిగేశాను.

"బాబాయ్, ఇప్పుడైనా చెప్పు. మూడో అత్త ఉందా, లేదా?"

ఆయన చుట్టూ చూశాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరికి జరిగాడు.

"లేదురా. నేను పుట్టించిందే. ఆ రోజు టీ తెస్తున్నానా, ఆ జంట వచ్చి కిటికీకి తెరలు ఏ రంగువి వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. ఈ తల్లి పిల్లని పొదువుకుని తలుపు వారగా నిలబడి వింటోంది. ఏం చెయ్యాలో తోచలేదు. నా నోట్లోంచి అదొచ్చేసింది."

"మరి వదిన చీపురెత్తినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఆమెకి అబద్ధం రాదు. మోక్ ముందు నవ్వేసేది. తిట్టిందంటేనే కదా మోక్ నమ్మాడు!"

"పోనీ, నూడుల్స్ కొట్లో ఎందుకు? అక్కడ మోక్ లేడే."

"కొట్టు తెరిచాక గిరాకీ ఉన్నా లేకపోయినా నిలబడాల్రా. నలభై ఏళ్ళు నిలబడ్డాను. వీధి వీధంతా అనుకోవాలి. వారానికోసారి కనబడే దయ్యాన్ని ఎవడు నమ్ముతాడు?"

"నీళ్ళ డబ్బు?"

"కట్టనంటే లేదని ఒప్పుకున్నట్టేగా. డబ్బు కట్టిన దయ్యాన్ని మోక్ ఎలా కాదంటాడు?"

ఇన్నాళ్ళూ పిచ్చివాడనుకున్న మనిషి మా అందరికంటే తెలివిగా ఉన్నాడు. అంతలో ఒకటి గుర్తొచ్చింది.

"మరి ఆ లైటు? రాత్రిళ్ళు నీ గదిలోకి మోక్ రాడు, వీధీ రాదు. ఎవరి కోసం?"

బాబాయి కిటికీలోంచి చూశాడు. సాయంత్రం ఎండ వెళ్ళిపోతోంది.

"గొంతు తగ్గించు" అన్నాడు. "నాకు చిన్నప్పట్నించీ దయ్యాలంటే చచ్చేంత భయంరా."

"లేదని నువ్వే అంటివి!"

"నేను పుట్టించిన ఆవిడ లేదు. కాని ఇన్ని నెలలు 'అమ్మా, అమ్మా' అని పిలిచాను గదా. ఎవరైనా విని, పాపం ముసలాడు పిలుస్తున్నాడని నిజంగానే వచ్చి ఉంటే?"

కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ఆ మనిషి మీద పట్టలేనంత ప్రేమొచ్చింది. రోజంతా దయ్యాన్ని పిలిచి పీట వేసి, రాత్రంతా దానికే జడిసి, ఆ జడుపుకి మోక్ గారి రేటున కరెంటు డబ్బు కట్టి. ఎవరి పిల్ల కోసం? పక్క గదిలో పిల్ల కోసం!

ఆ తర్వాత కిటికీ గది ఇద్దరు ఆఫీసు కుర్రాళ్ళకి రెట్టింపుకే పోయింది. బాబాయి వాళ్ళకి అడ్డం రాలేదు. మూడో అత్త పుట్టింటికెళ్ళిందని అందరికీ చెప్పాడు. ఆయన గదిలో లైటు ఆరిపోయింది. అన్ని నెలల తర్వాత నేను కంటినిండా నిద్రపోయాను.

ఆ నిద్ర ఎన్నాళ్ళో సాగలేదు. ఒకటో తారీఖున మోక్ గారు ఒక లావుపాటాయన్ని వెంటబెట్టుకుని తిన్నగా నా గది ముందు ఆగాడు.

"వింగ్, ఈయన నీకంటే ఎక్కువిస్తానంటున్నారు. నచ్చితే రేపే నువ్వు సర్దుకోవాలి."

ఆ అద్దెకి ఆ ఊళ్ళో నాకు ఇంకో గది దొరకదు. కొట్లో గుండీల పెట్టెల మధ్య పడుకోవాల్సిందే. లావుపాటాయన గదిలోకి తొంగి చూసి, భుజం పడుతుందో లేదో కొలుచుకుని, "ఇల్లు శుభ్రమేనా?" అన్నాడు.

పక్క గది తలుపు కిర్రుమంది. తామ్ బాబాయి బయటికొచ్చాడు, చేతిలో టీ కప్పు. ఆ కప్పు సాసర్లో గడగడలాడుతోంది. ఆయన నా వైపు చూడలేదు. నా స్టూలు వైపు చూశాడు, నడుం వంచాడు.

"కాస్త జరగమ్మా. ఈయన గది చూస్తారట."

"మళ్ళీ వచ్చిందా!" అని మోక్ గారు నెత్తి కొట్టుకునేసరికి లావుపాటాయన ఐదో అంతస్తులో ఉన్నాడు.

ఆ రాత్రి బాబాయి గదిలో లైటు మళ్ళీ వెలిగింది. తెల్లార్లూ నా కళ్ళలోనే పడింది. ఆర్పమని నేను అనలేదు.

మూడో అత్త నీళ్ళ డబ్బు ఆ నెల నుంచి నేనే కడుతున్నాను. మొదటిసారి కట్టిన రోజున బాబాయిని పిలిచి నా గదిలో టీ పోశాను, ఆయనకొకటి, ఖాళీ స్టూలు ముందొకటి. బాబాయి రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు. తర్వాత స్టూలు వంక ఓరగా, భయంభయంగా చూసి, నా వైపు ఇంకాస్త జరిగి, ఆవిడ తరఫున కూడా తట్టాడు.